రొయ్య పిల్లల తొట్టెలో వెలుగు

ల్యాబులో ప్లేటు మీద పనిచేసిన మందు బయట కూడా అలాగే పనిచేస్తుందని ఎవరైనా మీతో అంటే, వాళ్ళని కాస్త ఆగమనండి. నరసాపురంలో ఒక కాలేజీలో మైక్రోబయాలజీ పాఠాలు చెప్పి, ఈ మధ్యనే రిటైరయ్యాను. ఈ మాట నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. సముద్రం ఒడ్డున ఒక రొయ్యల హేచరీలో, మిట్టమధ్యాహ్నం, నల్ల టార్పాలిన్ల కింద ఉన్న చీకట్లో నేర్చుకున్నాను. అక్కడ చూసిందాన్ని ఇప్పటికి చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒకచోటికి వచ్చేసరికి నా గొంతు తగ్గిపోతుంది. మీరు కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు కాబట్టి, మీకు మొదటినుంచీ చెబుతాను.

అప్పట్లో మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి ఒక కుర్ర లెక్చరరు చేరాడు. కోరుకొండ వైపు మనిషి. అతన్ని అందరం మాస్టారనే పిలిచేవాళ్ళం. అతని చొక్కా మీద ఎప్పుడు చూసినా తెల్లటి పొడి ఉండేది. సుద్దపొడి అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, అది జింక్ ఆక్సైడ్ అని. చెమటకాయల మీద పూసే మందుల్లో ఉంటుందే, అదే. కాకపోతే అతను దాన్ని నానో కణాలుగా తయారు చేసేవాడు. మామూలు మైక్రోస్కోపు కింద పెట్టినా కనపడనంత చిన్న కణాలు.

"చిన్నదైతే ఏమవుతుందండీ?" అని మొదట్లో అడిగాను.

"బెల్లం అచ్చుని నీళ్ళలో వేస్తే ఎంతసేపటికి కరుగుతుంది మేడమ్? అదే పొడి చేసి వేస్తే? చిన్నదయ్యేకొద్దీ బయటి ప్రపంచానికి తగిలే భాగం పెరుగుతుంది. నా కణాలన్నీ ఒంటినిండా చర్మమే అనుకోండి" అన్నాడు.

అతనికి పొడి ఉంది, నా దగ్గర సూక్ష్మజీవులు ఉన్నాయి. అలా కలిసి పనిచేయడం మొదలుపెట్టాం. పద్ధతి మామూలే. గాజు ప్లేటులో పోషకాలు కలిపిన జెల్లీ పోసి, దాని నిండా బ్యాక్టీరియా పరిచి, మధ్యలో చిన్న గుంట చేసి అందులో పొడి కలిపిన నీళ్ళు వేస్తాం. మర్నాటికి ప్లేటంతా బ్యాక్టీరియా పెరిగి మసకగా అవుతుంది. మందు పనిచేస్తే గుంట చుట్టూ మాత్రం ఏమీ పెరగక ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ ఎంత పెద్దదైతే మందు అంత గట్టిదన్నమాట.

మురుగుకాలవలోంచి తెచ్చిన బ్యాక్టీరియా మీద అతని పొడి బాగా పనిచేసింది. రూపాయి బిళ్ళంత ఖాళీ వచ్చింది. ఈస్టు మీద కూడా వేసి చూశాం. బేకరీలో రొట్టెను పొంగించేదీ, తాటికల్లును పులిపించేదీ ఈస్టే కదా. దాని దగ్గర శనగగింజంత ఖాళీ కూడా రాలేదు. మాస్టారు మొహం వేలాడేశాడు. నాకు మాత్రం ఆశ్చర్యమేసింది. రెండూ కంటికి కనపడని ప్రాణులే. రెండిటికీ పెట్టింది ఒకే మందు, ఒకే మోతాదు. ఒకటి తుడిచిపెట్టుకుపోయింది, ఇంకోటి దులుపుకుని లేచింది.

"ఈస్టు ఒంటి కణమే అయినా దాని లోపలి అమరిక బ్యాక్టీరియాది కాదు మాస్టారూ, మనదానికి దగ్గర. మనకిలాగే దానికీ కేంద్రకం ఉంటుంది. పైగా బయట గోడ దిట్టం. అది మనకి దూరపు చుట్టం" అన్నాను.

"చుట్టమైతే మాత్రం ఇంత మొండితనమాండీ?" అన్నాడు.

మా పని ఇలా సాగుతుండగా ఒకరోజు ఒక పెద్దమనిషి రెండు క్యాన్ల నీళ్ళు పట్టుకుని ల్యాబు గుమ్మంలోకి వచ్చాడు. సముద్రం ఒడ్డున రొయ్యల హేచరీ నడుపుతున్నాడు. హేచరీ అంటే రొయ్య గుడ్లని పొదిగించి, పిల్లల్ని చెరువుల్లో వేసుకునే వయసు వచ్చేదాకా తొట్టెల్లో పెంచి రైతులకి ఇచ్చే చోటు. మా వైపు ఆ పిల్లల్ని సీడు అంటారు. ఆయనది వరి పండించిన కుటుంబమే. పొలాలు చెరువులయ్యాక, ఆయన చెరువుల దగ్గర్నుంచి సముద్రం ఒడ్డుకి చేరాడు.

"మేడమ్ గారూ, సీడు చచ్చిపోతుందండి. తిండి మానేశాయి. అడుక్కి దిగిపోతున్నాయి. ఈ నీళ్ళు కాస్త చూడండి" అన్నాడు. క్యాన్లు కింద పెట్టి, "ఇంకో సంగతండి. చెబితే నవ్వుతారేమో" అన్నాడు.

"చెప్పండి."

"మా షెడ్డులో పనిచేసే ఆవిడ టార్పాలిన్ ఎత్తితే నీళ్ళు వెలిగాయంటండి. నేను నమ్మలేదు. తర్వాత నేనూ చూశాను."

నాకు నవ్వు రాలేదు. సముద్రంలో వెలిగే బ్యాక్టీరియా ఉంటాయనీ, అవి హేచరీల్లో పడితే పిల్లలు బతకడం కష్టమనీ ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. పాఠంలో దానికి ఒక్క పేరానే కేటాయించేదాన్ని. నేను మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఆ నీళ్ళని ఉప్పు కలిపిన జెల్లీ మీద పరిచాం. కొన్నిటిలో మాస్టారి పొడి కూడా వేశాం. మర్నాడు ప్లేట్లు తీసుకుని స్టోరు గదిలోకి వెళ్ళాం. దానికి కిటికీ లేదు. తలుపు కింద సందులో గోనెసంచి కుక్కాను. మొదట ఏమీ కనపడలేదు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఇద్దరం ఊరికే నిలబడ్డాం. నెమ్మదిగా నా చేతిలో ఉన్న ప్లేటు కనిపించడం మొదలైంది. నీలమూ ఆకుపచ్చా కాని వెలుగు. వేడి లేదు, చప్పుడు లేదు, రెపరెపలాడ్డం లేదు. నిలకడగా, ఎవరి అనుమతీ అడక్కుండా వెలుగుతోంది. ఆ వెలుగులో నా బొటనవేలి గోరు కనిపించింది.

"మేడమ్, ఈ బ్యాక్టీరియా ఒక్కటే ఉంటే వెలగదు కదండీ?" మాస్టారు గొంతు గుసగుసలా వచ్చింది. గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు, అయినా పెద్దగా మాట్లాడబుద్ధి కాలేదు.

"వెలగదు. తోటివాళ్ళు తగినంతమంది చేరారని తెలిశాకే వెలుగుతాయి. ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి."

పొడి వేసిన ప్లేటు ఎత్తాను. వెలుగుతున్న పళ్ళెంలో గుంట చుట్టూ గుండ్రంగా చీకటి. అంచులు ఎవరో గీసినట్టున్నాయి. అలాంటి ఖాళీల్ని స్కేలు పెట్టి కొలవడమే నా ఉద్యోగం. పగటి వెలుతురులో అవి ఎప్పుడూ నాకు కొలతలుగానే కనిపించాయి. ఆ గదిలో మాత్రం, అక్కడ బతికినదేమిటో, అది ఎక్కడి దాకా వచ్చి ఆగిపోయిందో కనిపించింది.

ఏం తేలిందో తెలుసుకుందామని వచ్చిన హేచరీ యజమానిని కూడా లోపలికి పిలిచి చూపించాను.

"నా సీడుని చంపేది ఇదాండీ?"

"ఇదేనండి."

"ఇంత బాగుందేంటండీ!" అన్నాడు. ఆ మాటలో ఏడుపు ఉంది.

బయటికి వచ్చాక ఆయన మాస్టారి చేతులు పట్టుకున్నాడు. "ఎంత పొడి కావాలన్నా చెయ్యండి. ఈరోజే ట్యాంకుల్లో వేసేద్దాం" అన్నాడు. మాస్టారు కూడా నావైపు అలాగే చూశాడు.

"బకెట్లలో చూద్దాం ముందు" అన్నాను.

"ప్లేటు మీద చూశాం కదండీ మేడమ్?"

"ప్లేటులో రొయ్య పిల్లలు లేవు మాస్టారూ. సముద్రం నీళ్ళూ లేవు. జెల్లీ ఉంది."

ఇద్దరికీ నచ్చలేదు. అయినా ఒప్పుకున్నారు.

హేచరీ సరుగుడు తోటల అవతల ఉంది. సముద్రం కనపడదు గాని హోరు వినిపిస్తుంది. షెడ్డు లోపల వరసగా సిమెంటు తొట్టెలు, వాటి మీద నల్ల టార్పాలిన్లు, ఎటు చూసినా గాలి పైపులు, బుడగల చప్పుడు. అక్కడ తొట్టెలన్నీ చూసుకునే ఆవిడది వేటకెళ్ళే కుటుంబం. భర్తకి పడవ ఉంది. ఆవిడ సీడు అనేది కాదు, పిల్లలు అనేది. మా ఇద్దర్నీ పైకీ కిందకీ చూసి, "కాలేజీ నుంచి వచ్చారాండీ? చెప్పులు అక్కడే విప్పి, ఆ నీళ్ళలో కాళ్ళు ముంచుకుని రండి" అంది.

తలుపులు వేయించి, ఒక తొట్టె మీద టార్పాలిన్ ఎత్తింది. కర్రతో నీళ్ళు కదిపింది.

అంతవరకూ నేను వెలుగుని ప్లేటులో అరచేతంతే చూశాను. ఇప్పుడు ఒక గదంత తొట్టె. కర్ర ఎటు వెళ్తే అటు వెలుగు సుడి తిరిగింది. గాలి బుడగలు పైకి వచ్చిన చోటల్లా నీళ్ళు వెలిగి మసకబారుతున్నాయి. "చెయ్యి పెట్టి చూడండమ్మగారూ" అంది ఆవిడ. పెట్టాను. నా వేళ్ళ చుట్టూ వెలుగు పాకింది. తీశాక కూడా మణికట్టు దగ్గర ఒక చుక్క వెలుగుతూనే ఉంది. (తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. మీరూ కడుక్కోండి.) ఆ నీళ్ళలో విడివిడిగా నిప్పురవ్వల్లా కొన్ని కదులుతున్నాయి. ఏమిటవని అడిగాను.

"పిల్లలేనండి. జబ్బు లోపలికెళ్ళినవి అలా వెలుగుతాయి. వెలిగిన పిల్ల తెల్లారేసరికి ఉండదు" అంది.

నా వెనక ఉన్న మాస్టారు ముందుకు వంగి ఆ రవ్వల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

తొట్టెలోని నీళ్ళూ పిల్లలూ పోసి బకెట్లు పెట్టాం. కొన్నిటిలో పొడి వేశాం, కొన్నిటిలో వెయ్యలేదు. పొడి ముద్ద కట్టకుండా ఉంటుందేమోనని మాస్టారు ఒక బకెట్టుకి వేసేదాన్ని గంజిలో కలిపి వేశాడు. అతనికి ఆ రోజు పండగలా ఉంది. చేతులు మోచేతుల దాకా తెల్లగా చేసుకుని, షెడ్డు లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాడు.

మర్నాడు వెళ్ళేసరికి బకెట్ల అడుగున విరిగిన పాలలా తెల్లటి తునకలు. మంచినీళ్ళలో పాలలా నిలిచిన పొడి, సముద్రపు ఉప్పు తగిలేసరికి గుంపులు గుంపులుగా అతుక్కుని కిందికి దిగిపోయింది. ఒంటినిండా చర్మమే అన్న కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలైపోయాయి. గంజి కలిపిందీ అంతే. టార్పాలిన్ కప్పి చూస్తే పైన నీళ్ళు ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. పిల్లలు అడుక్కి దిగి, తిండి అనుకుని ఆ తునకలు మింగాయి. పొడి వెయ్యని బకెట్లలో ఇంకా కొన్ని బతికున్నాయి. పొడి వేసినవాటిలో ఒక్కటీ లేదు.

మాస్టారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయాడు. "మేడమ్, మీరు ఆపకపోతే ట్యాంకుల్లో పోసేవాణ్ణి" అన్నాడు. నిజానికి నేను కూడా వద్దన్నది అలవాటు కొద్దీ గాని, ఇలా అవుతుందని ఊహించి కాదు. నాకూ ఆ చీకటి వలయాల మీద నమ్మకమే ఉంది.

యజమాని మమ్మల్ని ఏమాత్రం తప్పు పట్టలేదు. అదే కష్టంగా ఉంది. మెల్లగా అన్నాడు: "రెండు ట్యాంకుల్లో పిల్లలు ఇంకా తిరుగుతున్నాయండి. పాలకొల్లు వైపు రైతులు చెరువులు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. ఉన్నవరకూ ఇచ్చేస్తానండి."

"వద్దండీ. అవి వెళ్ళిన ప్రతి చెరువులోకీ ఇది కూడా వెళ్తుంది. చెరువుల నీళ్ళు కాలవల్లోకి, అక్కణ్ణుంచి ఇంకో చెరువులోకి వెళ్తాయి."

"చూడ్డానికి బానే ఉన్నాయి కదండీ."

"ఇప్పటికి ఉన్నాయి."

"మీరు చెప్పేసి వెళ్ళిపోతారండి మేడమ్ గారూ. రైతులకి మొహం చూపించాల్సింది నేను" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు. కానీ సీడు ఇవ్వనని మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత కొన్ని రోజులు ఆయన ఫోను ఎత్తలేదు. నీళ్ళు మారుస్తూ, వడకట్టి కొత్త నీళ్ళు పెడుతూ ఆ రెండు తొట్టెల్నీ కాపాడుకుంటున్నాడని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. మాస్టారు ల్యాబుకి రావడం తగ్గించాడు. అతని చొక్కాలు శుభ్రంగా ఉండడం మొదలైంది. నాకది బాగా అనిపించలేదు.

ఒకరోజు పొద్దున యజమానే ఫోను చేశాడు. "రేపు రైతులు వస్తున్నారండి. ఒక్కసారి పిల్లల్ని చూసి, పర్వాలేదని ఒక మాట చెబితే నాకు ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. పర్వాలేదని చెప్పలేనని నాకు తెలుసు. అయినా వెళ్ళాను. మాస్టారిని బలవంతంగా వెంటబెట్టుకెళ్ళాను.

ఎండ మండిపోతోంది. షెడ్డులో తలుపులు మూసి, దీపాలు ఆర్పి, తొట్టెలో నీళ్ళు చూస్తున్నాం. అంతకుముందులా కళ్ళు చెదిరే వెలుగు లేదు. పల్చగా ఉంది. "చూశారాండీ, తగ్గింది" అన్నాడు యజమాని ఆశగా. తగ్గిందనే మాట నిజం. పోయిందనడం అబద్ధం. దాన్ని ఎలా చెప్పాలా అని వెతుక్కుంటున్నాను.

ఇంతలో ఆ ఆవిడ నీళ్ళు వచ్చే పైపు మూతికి కట్టిన ఫిల్టరు సంచిని విప్పింది. బారెడు పొడవున్న నూలుగుడ్డ సంచి. ట్యాంకు నీళ్ళనే తిప్పి తిప్పి దాని గుండా పంపిస్తున్నారు. మార్చడానికి దాన్ని విప్పి, చీకట్లో మా ముందు నుంచి పట్టుకెళ్తోంది.

గుడ్డంతా వెలుగుతోంది.

నీళ్ళలో పల్చబడిందంతా దాని మీద జిగురులా పేరుకుని కూర్చుంది. పోగు పోగునా వెలుగే. ఆవిడ చేతిలో గుడ్డ ఉన్నట్టు లేదు, వెలుగునే మడత పెట్టి పట్టుకున్నట్టుంది.

"ఆగమ్మా, అలాగే పట్టుకో" అన్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే మధ్యలో ఒకచోట నల్లగా ఉంది. చిరిగిందనుకున్నాను. వేలు పెట్టి చూస్తే గుడ్డ తగిలింది. చిరుగు కాదు. ఆవిడ కూడా చూసింది. సంచిని గోడకి ఆనించి పరిచి, తన అరచెయ్యి దాని పక్కన పెట్టింది.

"చెయ్యేనండి ఇది" అంది.

చెయ్యే. అరచెయ్యి, ఐదు వేళ్ళు. వెలుగుతున్న గుడ్డ మీద నల్లటి చెయ్యి. ఆవిడ చెయ్యి కంటే పెద్దది. చివరి వేలు బయటికి వంగి ఉంది. ఆవిడ తల తిప్పి చీకట్లో మాస్టారు ఉన్న వైపు చూసింది.

"మాస్టారూ, మీ చిటికినవేలు వంకరగా ఉంటుంది కదండీ?"

క్రికెట్ ఆడేటప్పుడు విరిగిన వేలు అది. అతను ముందుకొచ్చాడు. చెయ్యి ఎత్తి, ఆ నల్లటి చేతి మీద ఆనించాడు. వేలికి వేలు సరిపోయింది. అతని చెయ్యి చుట్టూ వెలుగు గీతలా మిగిలింది.

నేను ఆ మధ్యాహ్నం అనుకున్నదాన్ని ఇప్పటికీ సరిగ్గా మాటల్లో పెట్టలేను. ఆ కణాల్ని ఎవరూ చూడలేరు. ఆ బ్యాక్టీరియానూ ఎవరూ చూడలేరు. కనపడని రెండిటి మధ్య జరిగింది మాకు కనపడేటట్టు, ఒక మనిషి చెయ్యంత, స్పష్టంగా గుడ్డ మీద ఉంది.

ముందుగా తేరుకున్నది మాస్టారే. "గంజి" అన్నాడు. "ఆ రోజు గంజిలో పొడి కలిపి వస్తుంటే, బయట ఆరేసిన సంచి గాలికి ఎగిరి మొహం మీద పడింది మేడమ్. చేత్తో తోసేశాను."

గంజి చెయ్యి. అది ఎండకి ఎండి పోగులకి పట్టేసింది. నీళ్ళలో కలిపితే ముద్దలైన పొడి, గుడ్డకి అంటుకుని ఉండేసరికి ముద్ద కట్టడానికి వీల్లేకపోయింది. అడుక్కి దిగలేదు, పిల్లల కడుపులోకి వెళ్ళలేదు. తన మీద కూర్చోవడానికి వచ్చినవాటినే చంపింది.

యజమాని సంచికి బాగా దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. ఆ వెలుగులో ఆయన మొహం కనిపించింది.

"మేడమ్ గారూ, ఈ చెయ్యి పడినంత మేర తప్ప మిగతాదంతా అదేనాండి?"

"అదేనండి."

"ట్యాంకులో, పైపుల్లో?"

"అంతటా."

"తిరుగుతున్న పిల్లల్లో కూడా?"

"ఆయ్, అవునండి" అంది ఆవిడ, నాకంటే ముందు.

ఆయన తలుపు తీసుకుని ఎండలోకి వెళ్ళాడు. ఫోనులో మాట్లాడుతుంటే లోపలికి వినిపించింది. "రేపు రాకండి. ఈసారి సీడు లేదండి... బతికే ఉందండి. అయినా ఇవ్వను... నన్ను తిట్టండి, పర్వాలేదు. మీ చెరువులో మాత్రం వెయ్యను." ఒకరి తర్వాత ఒకరికి అందరికీ చేశాడు. అవతలివాళ్ళు ఏమన్నారో మాకు వినపడలేదు. ప్రతిసారీ మధ్యలో ఆయన "అవునండి, అవునండి" అని ఊరుకునేవాడు.

ఆ మధ్యాహ్నమే తొట్టెల్లో క్లోరిన్ పోశారు. టార్పాలిన్ పూర్తిగా తియ్యొద్దని మాస్టారు అడిగాడు. క్లోరిన్ పోసిన మూల ముందు ఆరింది. అక్కణ్ణుంచి చీకటి నెమ్మదిగా, తొందర లేకుండా తొట్టె పొడుగునా నడిచింది. అవతలి చివర కాస్త వెలుగు మిగిలి, అది కూడా పోయింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. వాసనకో మరి దేనికో నేను అడగలేదు. మాస్టారు ఫోనుతో ఆ సంచిని ఫొటోలు తీశాడు గానీ, నలుపు మీద ఆకుపచ్చ మరక తప్ప ఒక్కదాంట్లోనూ ఏమీ పడలేదు. ఫొటోలు తీసుకోవడం అయ్యాక సంచిని కూడా క్లోరిన్‌లో ముంచేశారు. అందుకని ఆ చెయ్యికి మేం నలుగురమే సాక్షులం.

ఆ తర్వాతి పని ల్యాబులో జరిగింది. నూలుగుడ్డ ముక్కలకి పొడి కలిపిన గంజి పెట్టి ఆరబెట్టడం. మాస్టారు కాచిన గంజి చిక్కగా ఉండి, ఎండాక అప్పడంలా పెళుసుబారి రాలిపోయేది. చివరికి నేనే కాచాను. ఉద్యోగమంతా గంజి పెట్టిన నూలుచీరలే కట్టుకున్నదాన్ని, ఎంత పల్చగా కాస్తే పోగుపోగుకీ పడుతుందో నా చేతికి తెలుసు. నా చీరలు సైన్సుకి పనికొచ్చిన సందర్భం అదొక్కటే. పెట్టాక ఇస్త్రీ కూడా చేసేవాళ్ళం. ల్యాబులో ఇస్త్రీపెట్టె చూసి ప్రిన్సిపాలు గారు ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్ళిపోయారు.

గుడ్డ ముక్కని వెలిగే ప్లేటు మీద పెడితే దాని కింద చీకటి. దాని చుట్టూ సన్నటి చీకటి అంచు. ఈస్టుని కూడా మళ్ళీ తెచ్చాం. హేచరీలో తవుడూ బెల్లమూ ఈస్టుతో పులియబెట్టి తొట్టెల్లో పోస్తారు, నీళ్ళు బాగుంటాయని. సంచి గుండా వెళ్ళే నీళ్ళలో ఆ ఈస్టు చచ్చిపోతే ఒకటి బాగుచేసి ఇంకోటి చెడగొట్టినట్టవుతుంది. చూశాం. గుడ్డ దాటి వచ్చిన ఈస్టు ప్లేటు మీద హాయిగా పెరిగింది. అంతకుముందు దాని మొండితనం చూసి మొహం వేలాడేసిన మాస్టారు, ఈసారి ఆ ప్లేటు పట్టుకుని ల్యాబంతా తిరిగాడు. చొక్కా మళ్ళీ తెల్లబడింది. ఆ గుడ్డ దాటిన నీళ్ళలో రొయ్య పిల్లల్ని పెట్టి చూశాం. అవి తిన్నాయి, తిరిగాయి, పెరిగాయి.

అలాగని గొప్పలు చెప్పను. నాలుగైదు ఉతుకులకి గంజి పోయి, గుడ్డ మామూలు గుడ్డ అయిపోతుంది. మళ్ళీ పెట్టాలి. నీళ్ళలో ఉన్న బ్యాక్టీరియాని అది ఆపలేదు, తన మీద పేరుకోకుండా మాత్రమే చూసుకుంటుంది. హేచరీని ఆయన నేల దగ్గర్నుంచి కడిగించి, పైపులు మార్పించి, ఎండబెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. తర్వాతి విడత బాగుంటే అది కడగడం వల్లా, ఎండ వల్లా, మా గుడ్డ వల్లా అని ఆయన అడిగినప్పుడు, తెలియదనే చెప్పాను. మాస్టారు కూడా తెలియదనే చెప్పాడు. ఆ రోజు అతని మీద నాకు కలిగిన గౌరవం అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

కొత్త విడత పిల్లలు రైతుల దగ్గరికి వెళ్ళే రోజున యజమాని మమ్మల్ని పిలిచాడు. ఈసారి షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఆవిడ ఒక తెల్లటి బేసినులో తొట్టెలోని నీళ్ళు ముంచి తెచ్చి, ఎండలో మా ముందు పెట్టింది. వంగి చూస్తే కనురెప్ప వెంట్రుకల్లాంటి పిల్లలు. ఒంట్లోంచి వెలుతురు అటునుంచి ఇటు వచ్చేస్తోంది. కళ్ళు మాత్రం రెండు నల్లటి చుక్కలు.

"చూడండి" అని ఆవిడ చేత్తో బేసినులో నీళ్ళని గుండ్రంగా తిప్పింది. నీరసంగా ఉన్న పిల్లలైతే నీళ్ళతో పాటు తిరిగి మధ్యలో కుప్పగా చేరతాయని, ఆరోగ్యంగా ఉన్నవి ఎదురు ఈదుతాయని యజమాని చెప్పాడు. ఆ రోజు బేసిను మధ్యలో ఏమీ చేరలేదు. వేలకొద్దీ పిల్లలు, ఒక్కొక్కటీ వెంట్రుకంత, తలలన్నీ ఒకే వైపు తిప్పి, అంత సుడికీ ఎదురుగా నిలబడి ఈదుతున్నాయి.

మాస్టారు గొంతుక్కూర్చుని, మొహం నీళ్ళకి ఆనేంత దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. నీళ్ళు నెమ్మదించాయి.

"ఇంకోసారి తిప్పనాండీ?" అంది ఆవిడ.

"తిప్పమ్మా" అన్నాను.

ఈసారి అటునుంచి తిప్పింది. ఒక్క క్షణంలో అన్నీ కలిసి వెనక్కి తిరిగాయి. మళ్ళీ ఎదురు ఈదడం మొదలుపెట్టాయి.